క్రియాటినిన్ 1.6 దగ్గర మొదలయ్యే ప్రశ్న

షుగరుకో బీపీకో మామూలుగా చేయించుకున్న రక్తపరీక్షలో ఒక్క అంకె దగ్గర కళ్ళు ఆగుతాయి: సీరం క్రియాటినిన్ 1.6. కాళ్ళవాపు లేదు, ఆకలి ఉంది, మూత్రం ఎప్పటిలాగే వస్తోంది. ఇంట్లోవాళ్ళు పెద్దాసుపత్రికి పోదామంటారు. చూస్తున్న డాక్టరు మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేద్దామంటారు. తెలిసినవాళ్ళెవరో డయాలసిస్ మాట ఎత్తి భయపెడతారు. ఈ మూడు మాటల వెనకా ఇరవై ఏళ్ళు దాటిన పెద్ద వాదం ఉంది. మధ్యదశలో ఉన్న మూత్రపిండాల బలహీనతను జబ్బుగా చూడాలా, రాబోయే ముప్పుకు సూచనగా చూడాలా, వయసు తెచ్చిన మార్పుగా చూడాలా? నెఫ్రాలజిస్టు దగ్గరకు ఎవరు వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి?

తెలుగు రాష్ట్రాలకు ఈ ప్రశ్న మరీ దగ్గరిది. షుగరు, బీపీ ఊరూరా ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తెలియని కిడ్నీ జబ్బు ఒక తరాన్నే దెబ్బతీసింది. నెఫ్రాలజిస్టులు మాత్రం నగరాల్లో ఉన్నారు. అవసరం లేనివాళ్ళను కూడా స్పెషలిస్టుల దగ్గరకు పంపుతున్నామని పాశ్చాత్య దేశాల్లో చర్చ జరుగుతుంటే, ఇక్కడ రోగి మొదటిసారి స్పెషలిస్టును చూసేసరికే చాలాసార్లు చేయి దాటిపోతోంది. దేశవ్యాప్తంగా 52 వేలకు పైగా రోగుల వివరాలు సేకరించి 2012లో ప్రచురించిన భారత కిడ్నీ వ్యాధుల రిజిస్ట్రీ ప్రకారం, నెఫ్రాలజిస్టు దగ్గరకు వచ్చేటప్పటికే దాదాపు సగం మంది చివరిదైన ఐదో దశలో ఉన్నారు. ఈ వాదాన్ని తూచేటప్పుడు ఆ తేడాను ఎక్కడా మరిచిపోకూడదు.

దశలు ఎలా పుట్టాయి

2002కు ముందు కిడ్నీ పనితనం తగ్గడాన్ని ఒక్కో డాక్టరు ఒక్కో పేరుతో, ఒక్కో కొలతతో చెప్పేవారు. ఆ ఏడాది అమెరికాలోని నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ అందరికీ ఒకే కొలబద్ద ఇచ్చింది. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో చెప్పే జీఎఫ్‌ఆర్ అంచనాను బట్టి జబ్బును ఐదు దశలు చేసింది. జీఎఫ్‌ఆర్ 60కి లోపు మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి. 30 నుంచి 59 దాకా మూడో దశ. 15కు లోపు ఐదో దశ. మొదటి రెండు దశల్లో జీఎఫ్‌ఆర్ బాగానే ఉంటుంది. మూత్రంలో ప్రొటీన్ పోవడం లాంటి వేరే లోపం కనబడితేనే జబ్బు అంటారు.

ఇక్కడ రోగి తెలుసుకోవలసింది ఒకటుంది. రిపోర్టులో కనిపించే క్రియాటినిన్ అంకె తనంతట తాను ఏ దశనూ చెప్పదు. క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థం. కండ ఎక్కువున్నవారిలో ఎక్కువ, తక్కువున్నవారిలో తక్కువ. అందుకే వయసు, ఆడా మగా అన్నది చేర్చి లెక్క కట్టాలి. 2021లో సవరించిన సీకేడీ-ఎపీ సూత్రం ప్రకారం అదే 1.6 క్రియాటినిన్ ఉన్న ముప్పై ఏళ్ళ మగవాడికి జీఎఫ్‌ఆర్ సుమారు 59, అరవై ఏళ్ళ మగవాడికి 49, అరవై ఏళ్ళ ఆడమనిషికి 37. ఒకే అంకె, మూడు వేర్వేరు పరిస్థితులు. క్రియాటినిన్ కొంచెమే పెరిగిందన్న మాటతో ఆ అరవై ఏళ్ళ మహిళను ఇంటికి పంపిస్తే ఆమె వడపోత శక్తి సగానికి పైగా పోయిందన్న సంగతి మరుగున పడిపోతుంది.

2006లో బ్రిటన్ లేబొరేటరీలు క్రియాటినిన్‌తో పాటు జీఎఫ్‌ఆర్ అంచనాను కూడా రిపోర్టులో ముద్రించడం మొదలుపెట్టాయి. కుటుంబ డాక్టర్లు ఇలాంటి రోగుల జాబితా ఉంచాలన్న నియమం కూడా అప్పుడే వచ్చింది. దాంతో కిడ్నీ విభాగాలకు వచ్చేవారి సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. వారిలో చాలామంది డెబ్భై దాటినవారు, ఏ ఇబ్బందీ లేనివారు. అసలు వాదం అక్కడే రాజుకుంది.

అంతర్జాతీయ సంస్థ కేడిగో 2012 మార్గదర్శకాల్లో రెండు దిద్దుబాట్లు చేసింది. మూడో దశను 45–59 మధ్య 3ఏ, 30–44 మధ్య 3బీ అని విడదీసింది. జీఎఫ్‌ఆర్ పక్కనే మూత్రంలో అల్బుమిన్ ఎంత పోతోందో చూసి తీరాలని చెప్పింది. మూత్రంలో అల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి 30 లోపు ఉంటే ఒక తరగతి, 30–300 మధ్య రెండోది, 300 దాటితే మూడోది. జీఎఫ్‌ఆర్ 50 ఉన్న ఇద్దరిలో ఒకరికి అల్బుమిన్ 10, ఇంకొకరికి 900 ఉంటే వాళ్ళిద్దరి భవిష్యత్తూ ఒకటి కాదు. ఇరవై ఏళ్ళ పరిశోధన రోగులకిచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైన తెలివిడి ఇదే. మన దగ్గర ఎక్కువగా విస్మరించేది కూడా ఇదే. క్రియాటినిన్ ప్రతి చిన్న ల్యాబులోనూ చేస్తారు, ప్రతి ప్యాకేజీలోనూ ఉంటుంది. కొన్ని వందల రూపాయల్లో అయిపోయే మూత్రపు అల్బుమిన్ పరీక్షను మాత్రం రాసేవారూ తక్కువే, అడిగేవారూ తక్కువే.

వయసా, వ్యాధా?

మొదటి వర్గం వాదన ఇది: నలభై దాటాక జీఎఫ్‌ఆర్ ఏటా సుమారు ఒక యూనిట్ చొప్పున తగ్గడం సహజం. డెబ్భై అయిదేళ్ళ మనిషికి 52 ఉండి, మూత్రంలో అల్బుమిన్ లేకపోతే దాన్ని జబ్బు అని పేరుపెట్టి భయపెట్టడం దేనికి? రే మొయ్నిహన్, రిచర్డ్ గ్లాసాక్, జెన్నీ డౌస్ట్ 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాసిన వ్యాసం ఈ వాదానికి గట్టి గొంతునిచ్చింది. నిర్వచనం విస్తరించి, ఆరోగ్యంగా ఉన్న చాలామందిని రోగులను చేశారన్నది వారి ఆక్షేపణ. 2019లో బెల్జియం నెఫ్రాలజిస్టు పియర్ డెలానే, సహచరులు కలిసి వయసును బట్టి గీత మార్చాలని ప్రతిపాదించారు. నలభై లోపువారికి 75, నలభై నుంచి అరవై అయిదు దాకా 60, ఆపై వయసువారికి 45. ఈ ప్రతిపాదనలో ఒక సూక్ష్మం ఉంది. పెద్దవాళ్ళకు గీత కిందికి దిగడమే అందరూ గమనించారు. యువకులకు అది పైకి లేస్తోంది. ఇరవై అయిదేళ్ళ కుర్రాడికి జీఎఫ్‌ఆర్ 70 ఉండటం ఇప్పటి నిర్వచనంలో దాటిపోతుంది. ఈ లెక్కలో అది హెచ్చరిక.

రెండో వర్గం పెద్ద సంఖ్యలను ముందు పెడుతుంది. ఇరవై లక్షల మందికి పైగా సమాచారాన్ని కలిపి చూసి 2012లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో వేసిన విశ్లేషణ ప్రకారం, జీఎఫ్‌ఆర్ తగ్గినకొద్దీ మరణాల ముప్పు అన్ని వయసుల్లోనూ పెరుగుతుంది. పెద్ద వయసువారిలో ఆ పెరుగుదల శాతంగా చిన్నగా కనిపించినా, మనుషుల లెక్కలో ఎక్కువే. కాబట్టి వయసు పేరు చెప్పి వదిలేయకూడదంటారు వీరు.

ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసేవిగా కనిపించినా, అవి మాట్లాడే ముప్పులు వేరు. 2004లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం దాదాపు 28 వేల మందిని అయిదేళ్ళపాటు గమనించింది. మూడో దశలో ఉన్నవారిలో ఆ అయిదేళ్ళలో డయాలసిస్ లేదా కిడ్నీ మార్పిడి దాకా వెళ్ళింది 1.3 శాతం. చనిపోయింది 24 శాతానికి పైగా. అంటే మధ్యదశలో ఉన్న పెద్ద వయసు మనిషికి మొదట పొంచి ఉన్నది గుండెజబ్బు, పక్షవాతం; డయాలసిస్ ఆ తర్వాతి మాట. మొదటి వర్గం డయాలసిస్ ముప్పు తక్కువని చెబుతోంది, రెండో వర్గం మరణం ముప్పు ఎక్కువని చెబుతోంది. రెండూ నిజాలే.

మన దగ్గర రోగుల వయసు అమెరికా రోగుల కన్నా తక్కువన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. డెబ్భై అయిదేళ్ళ వృద్ధుడి మీద పుట్టిన ఓదార్పు మాట నలభై ఏళ్ళ కూలీకి చెప్పడానికి పనికిరాదు.

స్పెషలిస్టు గడప ఎక్కడ?

చాలాకాలం నియమం సులువుగా ఉండేది: జీఎఫ్‌ఆర్ 30 కన్నా తగ్గితే నెఫ్రాలజిస్టు దగ్గరకు పంపాలి. ఆలస్యంగా పంపితే నష్టమన్నది ఎప్పుడో తేలింది. డయాలసిస్ అవసరం దగ్గరపడ్డాక ఆలస్యంగా చూపించుకున్న రోగుల్లో మరణాలు, ఆసుపత్రి రోజులు ఎక్కువని 2014 నాటి కాక్రేన్ సమీక్ష కూడా చెప్పింది. ముందే చూపించుకున్నవారికి డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా వేయించుకునే వ్యవధి ఉంటుంది, హెపటైటిస్-బీ టీకాలు పడతాయి, కిడ్నీ ఇచ్చేవారి కోసం ఇంట్లో మాట్లాడుకునే సమయం దొరుకుతుంది.

అయితే 30 అనే గీత రెండు వైపులా తప్పు చేస్తుంది. ఎనభై ఏళ్ళ వయసులో 28 దగ్గర ఏళ్ళ తరబడి నిలకడగా ఉన్నవారిని పంపిస్తుంది. నలభై అయిదేళ్ళ వయసులో 50 ఉండి, మూత్రంలో అల్బుమిన్ ధారగా పోతున్నవారిని ఆపేస్తుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికి కెనడా నెఫ్రాలజిస్టు నవదీప్ టంగ్రి బృందం 2011లో ఒక లెక్క తయారుచేసింది. వయసు, ఆడా మగా, జీఎఫ్‌ఆర్, మూత్రపు అల్బుమిన్ ఈ నాలుగూ వేస్తే రెండేళ్ళలో, అయిదేళ్ళలో కిడ్నీలు పూర్తిగా విఫలమయ్యే అవకాశం ఎంత శాతమో చెబుతుంది. ముప్పైకి పైగా దేశాల సమాచారంతో 2016లో దాన్ని సరిచూశారు.

మార్గదర్శకాలు ఆ దారి పట్టాయి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో 30 గీతను పక్కనబెట్టి, అయిదేళ్ళ ముప్పు 5 శాతం దాటితే పంపమంది. కేడిగో 2024లో ఆ అంకెను 3 నుంచి 5 శాతం మధ్య పెట్టింది. రెండేళ్ళ ముప్పు 10 శాతం దాటితే డాక్టరు, డైటీషియన్, నర్సు కలిసి చూసే బృందం కావాలంది. 40 శాతం దాటితే డయాలసిస్, మార్పిడి ఏర్పాట్లు మొదలుపెట్టమంది. వీటితో పాటు పాత హెచ్చరికలు ఎక్కడికీ పోలేదు. జీఎఫ్‌ఆర్ ఏడాదిలో 5 యూనిట్లకు మించి పడిపోవడం, మూత్రంలో రక్తకణాలు విడవకుండా కనిపించడం, నాలుగు రకాల మందులకూ లొంగని బీపీ, తరచూ రాళ్ళు, ఇంట్లో వంశపారంపర్య కిడ్నీ జబ్బు, పొటాషియం తేడాలు: వీటిలో ఏది ఉన్నా దశతో పని లేకుండా నెఫ్రాలజిస్టును చూడాల్సిందే.

ఈ అంకెల చర్చలో పడి వెనక్కు పోతున్న విషయం ఒకటుంది. స్పెషలిస్టు చేసే అసలు మేలు మొదటి సందర్శనలోనే ఎక్కువ. ఎందుకు వచ్చిందో తేల్చడం ఆయన పని. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీలు కుంచించుకుపోయాయా, నీటితిత్తులున్నాయా, ప్రొస్టేటు అడ్డుపడిందా? మూత్రాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే ఏముంది? బయాప్సీ అవసరమా? ఐజీఏ నెఫ్రోపతీ లాంటి జబ్బు మూడో దశలో దొరికితే చేయడానికి చాలా ఉంటుంది. ఐదో దశలో దొరికితే పేరు తెలియడం తప్ప మిగిలేది తక్కువ. దేశ రిజిస్ట్రీలో 16 శాతం మందికి కారణం తెలియదనే రాసి ఉంది. కాబట్టి యాభై ఏళ్ళ లోపు మనిషికి మూడో దశ అని తేలితే, శాతాల లెక్కలతో నిమిత్తం లేకుండా ఒక్కసారైనా నెఫ్రాలజిస్టుకు చూపించడం న్యాయం. ఆ తర్వాత నిలకడగా ఉన్నవారిని దగ్గరి డాక్టరే చూసుకోవచ్చు. భారతదేశంలో పది లక్షల జనాభాకు నెఫ్రాలజిస్టులు ఇద్దరు ముగ్గురికి మించరు. ప్రతి మూడో దశ రోగీ మూడు నెలలకోసారి వాళ్ళ గుమ్మం ముందు కూర్చోవడం కుదరని పని.

మందులు మార్చిన సంగతి

మొన్నమొన్నటి దాకా త్వరగా కనిపెట్టి ఏం చేస్తారన్న ప్రశ్నకు జవాబు బలహీనంగా ఉండేది. 2012లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, లక్షణాలు లేనివారందరికీ కిడ్నీ పరీక్షలు చేయాలనడానికి తగిన ఆధారాలు లేవని తేల్చడానికి కారణం కూడా అదే. 1993లో క్యాప్టోప్రిల్, 2001లో లోసార్టాన్, ఇర్బెసార్టాన్ షుగరు రోగుల కిడ్నీలను కాపాడతాయని రుజువయ్యాక పద్దెనిమిదేళ్ళు కొత్త మందు రాలేదు.

తర్వాత ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2019లో క్రెడెన్స్ అధ్యయనం కానాగ్లిఫ్లోజిన్ షుగరు రోగుల కిడ్నీలను కాపాడుతుందని చూపింది. 2020లో డాపా-సీకేడీ అధ్యయనం 4,304 మందిపై డాపాగ్లిఫ్లోజిన్ ప్రయోగించి, కిడ్నీ సగానికి సగం దెబ్బతినడం, విఫలం కావడం, కిడ్నీ లేదా గుండె కారణంగా మరణించడం వంటి ప్రమాదాలు 39 శాతం తగ్గాయని చూపింది. అందులో మూడోవంతు మందికి షుగరు లేనే లేదు. 2022లో ఎంపా-కిడ్నీ ఫలితాలు దాన్ని బలపరిచాయి. ఫినెరినోన్, సెమాగ్లుటైడ్ కూడా షుగరు ఉన్న కిడ్నీ రోగుల్లో పనిచేస్తాయని తేలింది. డాపాగ్లిఫ్లోజిన్ పేటెంటు భారతదేశంలో 2020లో ముగిసింది కాబట్టి జనరిక్ మాత్రలు మధ్యతరగతికి అందే ధరల్లో దొరుకుతున్నాయి. ముందే కనిపెట్టాలనే వర్గానికి ఇంతకన్నా బలమైన వాదన లేదు.

ఇక్కడా ఒక మెలిక ఉంది. మూత్రంలో అల్బుమిన్ బాగా పోతున్నవారిలో లాభం స్పష్టంగా ఉంది. అల్బుమిన్ లేనివారిలో జీఎఫ్‌ఆర్ పడిపోయే వేగం తగ్గుతున్నట్టు కనిపించినా, డయాలసిస్ తప్పుతుందని చెప్పేంత ఆధారం ఇంకా చాలదు.

రోగిని తికమకపెట్టేది ఇంకొకటి: ఈ మందులు, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి కూడా, మొదలుపెట్టిన కొత్తలో క్రియాటినిన్‌ను కాస్త పెంచుతాయి. ఆ పెరుగుదల 30 శాతం లోపు ఉంటే సాధారణంగా మందు ఆపనక్కర లేదన్నది మార్గదర్శకాల మాట. అంకె పెరిగిందని మందు మానేసి ఇంకో డాక్టరు దగ్గరకు పోవడం వల్ల నష్టపోయేవారు ఎందరో. కిడ్నీ పనితనం బాగా తగ్గాక ఈ బీపీ మందులు మానేస్తే మంచిదేమోనన్న అనుమానాన్ని 2022లో బ్రిటన్ వారి స్టాప్-ఏసీఐ అధ్యయనం పరీక్షించింది. మానేసినందువల్ల లాభమేమీ కనబడలేదు. వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజుల్లో మాత్రం వీటిని తాత్కాలికంగా ఆపమని డాక్టర్లు చెబుతారు; ఆ మాట మందు రాసిన రోజే చెప్పి పంపాలి.

బీపీ ఎంత ఉండాలన్నదానిమీద ఏకాభిప్రాయం లేదు. 2015 నాటి స్ప్రింట్ అధ్యయనం ఆధారంగా కేడిగో పై అంకె 120 లోపు ఉండాలంటుంది. అమెరికా గుండె వైద్యుల సంఘాలు 130 చాలంటాయి. బ్రిటన్ చాలామందికి 140 అంటుంది. స్ప్రింట్‌లో బీపీని ప్రశాంతంగా కూర్చోబెట్టి, పద్ధతి ప్రకారం కొలిచారు. జనంతో కిటకిటలాడే ఓపీలో ఒక్కసారి కొలిచిన అంకెను చూసి 120కి దించాలనుకుంటే పెద్దవాళ్ళు కళ్ళు తిరిగి పడిపోతారు.

కంచంలో ఏముండాలి?

తిండి దగ్గర భయాలు ఆధారాలను దాటిపోయాయి. మూడో దశ అని వినగానే పప్పు, పండు, పాలు, కొబ్బరినీళ్ళు అన్నీ బంద్ చేసే ఇళ్ళున్నాయి. పొటాషియం రక్తంలో మామూలుగా ఉన్నవారికి పండ్లు, కూరగాయలు మానాలనడానికి కారణం లేదు. అది పెరిగినప్పుడే ఆంక్షలు.

ప్రొటీన్ విషయంలో రెండు దారులున్నాయి. 1994లో అమెరికా ఎండీఆర్‌డీ అధ్యయనం ప్రొటీన్ బాగా తగ్గించి చూసింది. ఆశించినంత ఫలితం రాలేదు. అయినా అమెరికన్ పోషకాహార మార్గదర్శకాలు 2020లో, షుగరు లేని నిలకడైన రోగులకు కిలో బరువుకు 0.55–0.60 గ్రాములు చాలన్నాయి. కేడిగో 2024లో 0.8 గ్రాముల దగ్గర ఆగింది. అరవై కిలోల మనిషికి ఇది రోజుకు 48 గ్రాములు. అన్నం, పప్పు, పెరుగుతో బతికే చాలా తెలుగు ఇళ్ళలో తినేదే అంతకు మించదు. అలాంటివారికి ఇంకా కోత పెడితే కండ కరిగి మనిషి నీరసించిపోతాడు. అంతేగాక కండ కరిగితే క్రియాటినిన్ కూడా తగ్గి, కిడ్నీ బాగుపడిందన్న భ్రమ కలిగిస్తుంది.

ఉప్పు మాటలో మాత్రం వాదం లేదు. రోజుకు 5 గ్రాముల లోపు అన్నది అందరూ ఒప్పుకున్న అంకె. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మూత్రపరీక్షల ద్వారా లెక్కగట్టినప్పుడు ఆంధ్రలో సగటు దాదాపు 9.5 గ్రాములని తేలింది. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, ఎండుచేపలు ఉన్న కంచంలో అది ఆశ్చర్యం కాదు. ఉప్పుకు బదులు అమ్మే తక్కువ సోడియం ఉప్పుల్లో పొటాషియం ఉంటుంది కనుక కిడ్నీ రోగి డాక్టరును అడగకుండా వాడకూడదు.

నీళ్ళ గురించి ప్రతివారూ సలహా ఇస్తారు. కెనడాలో మూడో దశ రోగులు 631 మందిని తీసుకుని, సగం మంది చేత రోజూ ఎక్కువ నీళ్ళు తాగించారు. 2018లో ఫలితం వచ్చింది: ఏడాది తర్వాత కిడ్నీ పనితనంలో తేడా లేదు. అది చల్లటి దేశంలో జరిగిన పరీక్ష. ఎండలో కాయకష్టం చేసే మనిషికి ఆ ఫలితాన్ని అంటగట్టలేం.

నొప్పి మాత్రల దగ్గర మొహమాటం లేకుండా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మూడో దశలో తరచూ వాడటం ప్రమాదం. ఒళ్ళునొప్పులకు సూది పొడిచే ఆర్‌ఎంపీ వ్యవస్థ ఊరూరా ఉన్న చోట ఈ హెచ్చరిక ప్రిస్క్రిప్షన్ మీద కాక గోడల మీద ఉండాలి. నాటుమందుల విషయంలోనూ అంతే. 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి మూలికలు వాడిన మహిళల కిడ్నీలు వరసగా పాడయ్యాయి. వాటిలో ఉన్నది అరిస్టోలోకిక్ ఆమ్లం. మన దగ్గర ఈశ్వరి అని పిలిచే తీగ ఆ జాతిదే. ఆకులోంచి వచ్చింది కాబట్టి హాని చేయదన్న నమ్మకం కిడ్నీ విషయంలో పనికిరాదు.

ఉద్దానంలో తలకిందులయ్యే లెక్కలు

ఇప్పటిదాకా చెప్పుకున్న వర్గాల వాదాలన్నీ షుగరు, బీపీ, వయసు చుట్టూ తిరిగేవి. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలకు వచ్చేసరికి ఆ చట్రం సరిపోదు. కొబ్బరి, జీడితోటల ఈ పచ్చటి నేల మీద షుగరు లేని, బీపీ లేని, నడివయసు రైతు కూలీల కిడ్నీలు చప్పుడు లేకుండా పాడైపోతున్నాయి. 2019లో అంతర్జాతీయ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం అక్కడ పెద్దవాళ్ళలో దాదాపు 18 శాతం మందికి కిడ్నీ వ్యాధి ఉంది. వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణాలేవీ లేవు.

ఈ జబ్బు కిడ్నీ గొట్టాల మధ్య కణజాలాన్ని దెబ్బతీసే రకం. అందువల్ల మూత్రంలో అల్బుమిన్ చాలాకాలం పెద్దగా కనబడదు. మిగతా లోకానికి అంత మేలు చేసిన అల్బుమిన్ పరీక్ష ఇక్కడ ఒంటరిగా చాలదు. టంగ్రి లెక్కలో అల్బుమిన్ తక్కువ వేస్తే ముప్పు తక్కువని వస్తుంది. క్రియాటినిన్ కూడా ఇక్కడ మోసం చేయగలదు. చండీగఢ్ పీజీఐ పరిశోధకులు భారతీయుల మీద అసలు జీఎఫ్‌ఆర్ కొలిచి పోల్చినప్పుడు, విదేశీ సూత్రాలు దాన్ని ఎక్కువ చేసి చూపిస్తున్నాయని తేలింది. బక్కపలచని కూలీ మనిషిలో కండ తక్కువ, క్రియాటినిన్ తక్కువ. అంచనా 65 అని వస్తుంది, వాస్తవం 50 కావచ్చు. సిస్టాటిన్-సీ అనే ఇంకో రక్తపరీక్ష కండతో సంబంధం లేనిది. కేడిగో దాన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నా, మండల కేంద్రంలో అది దొరకదు.

కారణం మీద మూడు పక్షాలున్నాయి. నీటిలోని సిలికా, లోహాలు అనేవారు ఒక వైపు. పురుగుమందులనేవారు ఇంకో వైపు. ఎండ, చెమట, శరీరంలో నీరు ఇంకిపోవడం అనేవారు మూడో వైపు. ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో ఇవే వాదనలు ఇంకా నడుస్తున్నాయి. నికరాగువాలో కూలీలకు నీడ, నీళ్ళు, విరామం ఏర్పాటుచేస్తే కిడ్నీ దెబ్బలు తగ్గాయన్న అనుభవం ఎండ పక్షానికి బలం. ఉద్దానంలో ఆడవాళ్ళు కూడా గణనీయంగా ఈ జబ్బు బారిన పడటం, కొబ్బరితోటల నీడలో పనిచేసేవారికీ రావడం ఆ పక్షం సమాధానం చెప్పాల్సిన ప్రశ్నలు. బాల్కన్ దేశాల్లో 1950లలో గుర్తించిన ఇలాంటి జబ్బుకు గోధుమల్లో కలిసిన అరిస్టోలోకియా గింజలే మూలమని నమ్మకంగా తేలడానికి అర్ధశతాబ్దం పట్టింది.

ప్రభుత్వం ఖాళీగా లేదు. దాదాపు 700 కోట్ల రూపాయల మంచినీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. డయాలసిస్ రోగులకు నెలకు పదివేల పింఛను ఉంది. ఆరోగ్యశ్రీ 2007లో పుట్టినప్పటి నుంచి డయాలసిస్ పేదలకు అందుబాటులోకి వచ్చింది. ఇవన్నీ ప్రాణాలు నిలిపినవే. డయాలసిస్ మొదలు కాని ఉద్దానం రోగికి పింఛను రావాలంటే మాత్రం క్రియాటినిన్ 5 దాటాలి, లేదా జీఎఫ్‌ఆర్ 15 కన్నా పడిపోవాలి, లేదా కిడ్నీలు కుంచించుకుపోవాలి. అంటే సాయం ఐదో దశ గుమ్మంలో మొదలవుతుంది. మూడో దశలో ఉన్న మనిషికి కావలసినవి చౌకవి: ఏడాదికి రెండు పరీక్షలు, రోజూ రెండు మూడు మాత్రలు, నొప్పి సూదుల నుంచి కాపాడే ఒక ఏఎన్‌ఎం మాట, ఒక్కసారి విశాఖ కేజీహెచ్ దాకా వెళ్ళి వచ్చే బస్సు ఖర్చు. వీటికి ఏ పథకంలోనూ పెద్ద పేరు లేదు. ఈ ఖాళీ పూడ్చనంతవరకు స్పెషలిస్టు ఎప్పుడు అన్న చర్చ నగరవాసుల చర్చగానే మిగిలిపోతుంది.

ఇంకా తేలనివి

వయసును బట్టి గీత మార్చాలా అన్నది తేలలేదు. కేడిగో 2024లోనూ 60 గీతనే ఉంచింది. భారతీయులకు సొంత జీఎఫ్‌ఆర్ సూత్రం ఉండాలా అన్నదానికి అవుననే పరిశోధకులు పెరుగుతున్నారు గానీ, ల్యాబులు ముద్రించేది ఇంకా విదేశీ సూత్రాల అంకెలే.

స్పెషలిస్టుతో పాటు నర్సు కూడా కలిసి చూసుకునే పద్ధతి మీద నెదర్లాండ్స్‌లో జరిగిన మాస్టర్‌ప్లాన్ అధ్యయనం దీర్ఘకాలంలో కొంత లాభం చూపింది. తైవాన్ డయాలసిస్‌కు ముందు దశల సంరక్షణ కోసం ఆసుపత్రులకు విడిగా డబ్బు చెల్లించే పద్ధతిని 2006 తర్వాత తెచ్చింది. అలాంటి ఏర్పాటు మన పీహెచ్‌సీల్లో ఎలా నడుస్తుందో చెప్పగల పెద్ద పరీక్ష జరగాల్సి ఉంది.

కొత్త మందుల పరీక్షల్లో ఉద్దానం తరహా రోగులు దాదాపు లేరు. గ్లిఫ్లోజిన్ మాత్రలు మూత్రాన్ని కొంత పెంచుతాయి. మే నెల ఎండలో జీడితోటలో పనిచేసే మనిషికి అవి మేలు చేస్తాయా, నీరు ఇంకిపోయి కీడు చేస్తాయా అన్నదానికి ఊహలే ఉన్నాయి, రుజువు లేదు. 2025 మేలో ప్రపంచ ఆరోగ్య సభ కిడ్నీ ఆరోగ్యం మీద తీర్మానం ఆమోదించింది కాబట్టి ఇలాంటి పరీక్షలకు డబ్బు పుట్టే అవకాశం ఇప్పుడు మునుపటికన్నా ఎక్కువ. ఆ పరీక్ష పలాసలో జరగాలంటే ముందు ఏడు మండలాల్లో మూడో దశలో ఉన్నవారి పేర్లతో, వయసుతో, ఏటేటా జీఎఫ్‌ఆర్‌తో ఒక నిండు జాబితా ఉండాలి.